చెరువు బురదలో దాగిన అడవి

పోయిన వేసవిలో మా ఊరి చెరువు ఎండిపోయింది. పూడిక తీస్తున్నారని తెలిసి తొమ్మిదో తరగతి పిల్లల్ని వెంటబెట్టుకుని చూడబోయాను. ట్రాక్టర్లు నల్లటి మట్టిని పొలాలకు తోలుతున్నాయి. కట్ట మీద కూర్చున్న ఒక ముసలాయన చేతికర్ర ఎత్తి ఎదురుగా ఉన్న బోడిగుట్టను చూపించాడు.

"ఆ గుట్ట మీద నుంచి ఈ నీళ్ళ దాకా ఒకప్పుడు చిక్కటి అడవి ఉండేదట. మా తాత చెప్పేవాడు" అన్నాడు.

మా పిల్లల్లో ఒకడు ఊరుకోలేదు. "మీ తాత చూశాడా తాతా?" అని అడిగాడు.

"మా తాతకు వాళ్ళ తాత చెప్పాడంట!"

"అయితే చూసినవాళ్ళెవరూ లేరన్నమాట" అని వాడు నా వైపు తిరిగాడు. "మాష్టారూ, చెట్లు పోయాయి. చూసినవాళ్ళూ పోయారు. ఇక అడవి ఉండేదని ఎలా నమ్మడం?"

సైన్సు చదివే పిల్లవాడు అడగవలసిన ప్రశ్నే అది. నేను వంగి పిడికెడు మట్టి తీసి, "సాక్షులు ఇందులో ఉన్నారు" అన్నాను. వాడు నవ్వాడు. మీకూ నవ్వు రావచ్చు. కాని బురద నిజంగానే సాక్ష్యం చెబుతుంది. ఎలా చెబుతుందో, ఎప్పుడు చెప్పలేదో చూద్దాం.

చావని రజను

మందార పువ్వు మధ్యనున్న కాడను వేలితో తాకండి. పసుపుపచ్చని పొడి అంటుకుంటుంది. అదే పుప్పొడి. ఇందులోని ఒక్కొక్క రేణువూ మరో పువ్వును చేరి విత్తనం కట్టడానికి తోడ్పడుతుంది. గడ్డి, జొన్న, తుంగ మొదలైనవి పుప్పొడిని గాలికి వదులుతాయి. మందారం, చింత మొదలైనవి తేనెటీగలు, సీతాకోక చిలుకలు, పిట్టల మీద ఆధారపడతాయి.

గాలికి వదిలిన పుప్పొడిలో గమ్యం చేరేది బహుకొద్ది. మిగిలినదంతా నేల మీదా, ఇళ్ళ మీదా, చెరువుల మీదా రాలిపోతుంది. మొక్కకు అది నష్టమే. మనకు మాత్రం అదే లాభం!

పుప్పొడి రేణువు చాలా చిన్నది. మిల్లీమీటరులో వెయ్యోవంతును మైక్రాన్ అంటారు. అనేక గడ్డిజాతుల రేణువులు 25 నుంచి 40 మైక్రాన్ల దాకా ఉంటాయి. మందార రేణువు వంద మైక్రాన్లు దాటుతుంది. కాబట్టే చూపు బాగున్నవాళ్ళకు నల్లకాగితం మీద అది చిన్న చుక్కలా కనిపిస్తుంది.

ఇంత చిన్న రేణువుకు ప్రకృతి గట్టి కవచం తొడిగింది. ఆ కవచం స్పోరోపొలెనిన్ అనే పదార్థంతో తయారవుతుంది. జీవులు తయారుచేసే పదార్థాలలో ఇంత మొండిది మరొకటి దొరకడం కష్టం. లోపలి జీవపదార్థం కొద్ది రోజుల్లోనే నశిస్తుంది కాని, కవచం వేల ఏళ్ళు, ఒక్కోసారి కోట్ల ఏళ్ళు కూడా నిలుస్తుంది. ఘాటైన ఆమ్లాలు సైతం దాన్ని సులభంగా కరిగించలేవు.

దానికి పడనిది ఒకటుంది. అదే గాలిలోని ఆక్సిజన్. నేల పదే పదే తడిసి ఆరుతూ ఉంటే కవచం మెల్లగా చివికిపోతుంది. ఎప్పుడూ నీరు నిలిచే సరస్సు అడుగున, సముద్రం అడుగున బురదలో ఆక్సిజన్ బహుస్వల్పం. అక్కడ చిక్కిన పుప్పొడి భద్రంగా ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి. చివర్లో దీనితో మనకు పని ఉంది.

ఒక్కో మొక్కకు ఒక్కో ముద్ర

పుప్పొడి రేణువులన్నీ ఒకేలా ఉంటే వాటివల్ల ప్రయోజనం ఉండేది కాదు. సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక్కొక్క జాతి తన ముద్ర తాను వేసుకున్నట్టు ఉంటుంది.

మందార రేణువు ముళ్ళబంతిలా ఉంటుంది. గడ్డిజాతి రేణువు నున్నని గుండు. దానికి ఒకే ఒక రంధ్రం, ఆ రంధ్రం చుట్టూ చిన్న గట్టు. తోటకూర కుటుంబం వాటికి చుట్టూ చిల్లులే. బూందీ దూసే చట్రాన్ని బంతిలా చుడితే ఎలా ఉంటుందో అలా! నల్లతుమ్మ రేణువులు విడివిడిగా ఉండవు, సాధారణంగా పదహారు కలిసి ఒకే ముద్దగా ఉంటాయి. హిమాలయాల్లో పెరిగే పైన్ చెట్ల రేణువుకు రెండు పక్కలా రెండు గాలిబుడగలు ఉంటాయి. వాటి సాయంతో అది ఎంతో దూరం తేలిపోతుంది.

అయితే ఒక చిక్కుంది. ముద్ర చూసి ఏ కుటుంబమో చెప్పవచ్చు. ఏ జాతో చెప్పడం అన్నిసార్లూ సాధ్యం కాదు. రేణువు చూసి "ఇది గడ్డిజాతి" అంటాం. ఏ గడ్డి అంటే చెప్పలేం. వరి, గోధుమ, జొన్న, వెదురు, అన్నీ గడ్డి కుటుంబంలోనివే కదా!

పొర మీద పొర

ఇప్పుడు ఒక సరస్సును ఊహించుకోండి. ఏటా వానలకు చుట్టుపక్కల మట్టి కొట్టుకు వచ్చి అడుగున పేరుకుంటుంది. ఆ మట్టితో పాటు ఆ ఏడు పూసిన పూల పుప్పొడి కూడా చేరుతుంది. మరుసటి ఏడు దాని మీద మరో పొర. ఇలా వేల ఏళ్ళు సాగితే అడుగున మీటర్ల కొద్దీ బురద తయారవుతుంది. ఎవరూ కలపకుండా ఉంటే పాత పొర కింద, కొత్త పొర పైన. దీన్నే అవక్షేపం అంటారు.

శాస్త్రజ్ఞులు పడవ మీద నుంచో, తెప్ప మీద నుంచో పొడవాటి గొట్టాన్ని బురదలోకి దించి, పొరలు చెదరకుండా ఒక నిలువు కడ్డీని పైకి తీస్తారు. తాటిముంజెలో బొటనవేలు గుచ్చితే రసమంతా కలిసిపోతుంది చూడండి, అలా కాకూడదు. కడ్డీని పొడుగునా చీల్చి, కొన్ని సెంటీమీటర్లకు ఒకచోట కాస్తంత మట్టి తీస్తారు.

ఆ మట్టిలో పుప్పొడి ఒక్కటే ఉండదు. సున్నం, కుళ్ళిన ఆకులు, ఇసుక అన్నీ ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా తొలగించాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే సున్నం పోతుంది. క్షారంలో కాస్తే కుళ్ళిన ఆకుల నలుపు పోతుంది. ఇసుక మాత్రం మొండిది. దాన్ని గాజును సైతం తినేసే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కరిగిస్తారు. ఇది చాలా ప్రమాదకరమైన ఆమ్లం. ప్రత్యేకమైన ప్రయోగశాలల్లోనే వాడతారు. ఇన్ని బాధలు పడి చివరకు మిగిలేది ఎవరు? మన కవచధారి పుప్పొడే!

ఇక అసలు పని, లెక్కపెట్టడం. ఒక్కొక్క పొర నుంచి కొన్ని వందల రేణువులను సూక్ష్మదర్శినిలో చూసి, ఏది ఏ మొక్కదో గుర్తించి రాసుకోవాలి. యాభై పొరలుంటే ఎన్ని వేల రేణువులవుతాయో మీరే లెక్కవేయండి. నెలల తరబడి కళ్ళు కాయలు కాచేలా చేయవలసిన పని.

ఇలా లెక్కపెట్టి, కాలంతో పాటు ఒక్కొక్క మొక్క ఎలా పెరిగిందో తగ్గిందో గీత గీసి చూపించడం స్వీడన్ భూవిజ్ఞాన శాస్త్రవేత్త లెనార్ట్ ఫాన్ పోస్ట్‌తో ఊపందుకుంది. 1916లో ఆయన నార్వే రాజధానిలో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో ఇలాంటి పటాలను చూపించాడు. ఆ నగరం పేరు అప్పట్లో క్రిస్టియానియా. దాన్నే ఇప్పుడు ఓస్లో అంటున్నాం.

లెక్కలో మోసం

ఇక్కడ మీకొక చిన్న లెక్క. ఒక పొరలో చెట్ల రేణువులు 100, గడ్డి రేణువులు 100 ఉన్నాయి. అంటే చెట్లు నూటికి 50. పై పొరలో చెట్లవి 100, గడ్డివి 300 ఉన్నాయి. ఇప్పుడు చెట్లు నూటికి 25. "అయ్యో, సగం అడవి నరికేశారు!" అనిపిస్తుంది. నిజానికి ఒక్క చెట్టు కూడా పోలేదు. గడ్డి పెరిగిందంతే.

ఈ మోసంలో పడకుండా శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం చేశారు. మట్టిని శుద్ధి చేసే ముందే, లెక్క తెలిసిన లైకోపోడియం అనే మొక్క సిద్ధబీజాలను అందులో కలుపుతారు. ఉదాహరణకు 10,000 సిద్ధబీజాలు కలిపారనుకోండి. సూక్ష్మదర్శినిలో వాటిలో 100, పుప్పొడి రేణువులు 300 కనిపించాయి. అంటే నూరోవంతు మాత్రమే చూశామన్నమాట. కాబట్టి ఆ మట్టిలో మొత్తం పుప్పొడి 300 × 100, అంటే 30,000 రేణువులు!

మరో మోసం కూడా ఉంది. గాలికి పుప్పొడి వదిలే మొక్కలు లెక్కలేనంత వదులుతాయి. పురుగుల మీద ఆధారపడేవి పొదుపుగా తయారుచేస్తాయి. అందువల్ల బురదలో గడ్డి గొంతు గట్టిగా, చింతచెట్టు గొంతు పీలగా వినిపిస్తుంది. పీలగా వినిపించింది కదా అని చింతలు లేవనుకుంటే పొరపాటే.

ఇక పొర వయసు ఎలా తెలుస్తుంది? చచ్చిన ఆకులో, పుల్లలో ఉండే కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ క్రమంగా తగ్గిపోతుంది. సుమారు 5,730 ఏళ్ళకు సగమవుతుంది. మిగిలినదాన్ని కొలిచి వయసు కడతారు. ఈ పద్ధతిని కనిపెట్టిన అమెరికా శాస్త్రజ్ఞుడు విలార్డ్ లిబీకి 1960లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఎడారిలో సరస్సుల కథ

మన దేశంలో ఈ విద్యకు పెద్ద నిలయం లక్నోలో ఉంది. ప్రాచీన వృక్షశాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని 1946లో స్థాపించిన సంస్థ అది. దాని భవనానికి 1949 ఏప్రిల్ 3న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 10న, సాహ్ని కన్నుమూశారు. ఆయన పెట్టిన దీపం మాత్రం ఆరలేదు.

ఆ సంస్థలో పనిచేసిన గురుదీప్ సింగ్ రాజస్థాన్ ఎడారిలోని సాంభర్, డీడ్వానా, లూణ్‌కరణ్‌సర్ ఉప్పు సరస్సుల బురదను పరీక్షించాడు. అడుగు పొరల్లో గాలికి కొట్టుకువచ్చిన ఇసుక కనిపించింది. అంటే సుమారు పదివేల ఏళ్ళ కిందట అక్కడ కటిక ఎడారి. దాని పైన సరస్సు బురద, అందులో పుప్పొడి. అంటే తర్వాత వానలు పెరిగి, సరస్సులు నిండి, పచ్చదనం వచ్చిందన్నమాట. మళ్ళీ పైకి వచ్చేసరికి ఎండుదనం.

సింగ్ 1971లో ఒక పెద్ద మాట అన్నాడు. హరప్పా, మొహంజదారో నగరాలు వర్ధిల్లింది వానలు బాగా కురిసిన కాలంలోనే, వానలు తగ్గడమే వాటి క్షీణతకు కారణం కావచ్చు అని! ఉప్పు సరస్సు అడుగున దొరికిన రజను నుంచి ఒక మహానాగరికత కథ దాకా వెళ్ళిన ఊహ ఇది. ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు ఆసక్తితో చదివారు.

తర్వాత ఏమైంది? ఎంజెల్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన తోటివారూ లూణ్‌కరణ్‌సర్ సరస్సునే మళ్ళీ తవ్వి, పొరపొరనూ మరింత దగ్గర దగ్గరగా పరీక్షించి, వయసులు కట్టి, 1999లో ఫలితాలు ప్రకటించారు. ఆ సరస్సు సుమారు 5,500 ఏళ్ళ కిందటే ఎండిపోయిందని తేలింది. సింధు నగరాలు ఉచ్చస్థితిలో ఉన్నది సుమారు 4,600 నుంచి 3,900 ఏళ్ళ కిందట. అంటే సరస్సు ఎండిన తొమ్మిది వందల ఏళ్ళకు నగరాలు వెలిశాయి! సరస్సు ఎండడమే నగరాల పతనానికి కారణమైతే, ఆ నగరాలు అసలు పుట్టనేకూడదు.

కథ అక్కడితో ఆగలేదు. హర్యానాలోని కోట్లా దహర్ అనే పాత సరస్సు బురదలో నత్తగుల్లలు దొరికాయి. వాటిని పరీక్షించిన శాస్త్రజ్ఞులు సుమారు 4,100 ఏళ్ళ కిందట అక్కడ వానలు హఠాత్తుగా తగ్గాయని 2014లో చెప్పారు. ఆ కాలం నగరాల క్షీణతకు చాలా దగ్గర.

మరి సింగ్ తప్పా, ఒప్పా? పరీక్షలో మార్కులు వేసినట్టు ఒక్క మాటలో తేల్చలేం. సరస్సుల్లో ఎండుకాలం, తడికాలం మారుతూ వచ్చాయని ఆయన చూపింది నిలిచింది. వాటికి ఆయన కట్టిన కాలం, నగరాలతో వేసిన ముడి అలాగే నిలవలేదు. ఒక సరస్సు తన చుట్టుపక్కల సంగతే చెబుతుంది. దేశమంతటి సంగతి తెలియాలంటే అనేక సరస్సులను అడగాలి. సాక్షి ఒక్కడైనప్పుడు న్యాయమూర్తి తొందరపడడు కదా!

గోదావరి దాచుకున్న లెక్క

ఇలాంటి బురద మన తెలుగువారి ముంగిట్లో, సముద్రం అడుగున కూడా ఉంది. గోదావరి ఏటా మోసుకుపోయే ఒండ్రుతో పాటు తన పరీవాహక ప్రాంతంలోని పుప్పొడినీ, ఆకుల తునకలనూ బంగాళాఖాతంలో చేరుస్తుంది.

2006లో 'జాయ్‌డీస్ రిజల్యూషన్' అనే ఓడ మన తీరానికి వచ్చింది. సముద్రం అడుగున మంచులో చిక్కుకున్న మీథేన్ వాయువు కోసం తవ్వడం దాని పని. గోదావరి ముఖద్వారానికి ఎదురుగా, సుమారు 1,270 మీటర్ల లోతు నీటి కింద తీసిన ఒక బురద కడ్డీ మాత్రం మరో నిధి అయింది. దాని పైభాగపు ఎనిమిదిన్నర మీటర్లలో సుమారు 11,000 ఏళ్ళ చరిత్ర ఉంది. సగటున సెంటీమీటరుకు ఎన్ని ఏళ్ళు? 11,000ని 850తో భాగించండి. సుమారు 13 ఏళ్ళు!

ఆకుల మీద మైనంలాంటి పూత ఉంటుంది. అది కూడా బురదలో నిలుస్తుంది. ఈ కడ్డీలోని ఆకుమైనాన్ని పరీక్షించినవారు 2012లో ఇలా చెప్పారు: సుమారు 4,000 ఏళ్ళ కిందటి నుంచి గోదావరి ప్రాంతంలో ఎండకు ఓర్చే మొక్కలు క్రమంగా పెరుగుతూ వచ్చాయి. సుమారు 1,700 ఏళ్ళ కిందటి నుంచి అవే నిలిచిపోయాయి. పుప్పొడిని లెక్కపెట్టినవారు 2015లో తమ ఫలితం చెప్పారు. సుమారు 11,300 నుంచి 4,200 ఏళ్ళ కిందటి వరకు తీరపు అడవులు, మడ అడవులు బాగా విస్తరించాయి. ఆ తర్వాత మెట్టమొక్కలు పెరిగాయి.

చూశారా! ఒకరు మైనాన్ని అడిగారు, మరొకరు పుప్పొడిని అడిగారు. ఇద్దరికీ వచ్చిన జవాబు ఇంచుమించు ఒకటే. రెండు వేరువేరు సాక్షులు ఒకే మాట చెబితే నమ్మకం పెరుగుతుంది.

మళ్ళీ మా చెరువు కట్ట మీద

ఆ రోజు నేను పిడికెడు మట్టి చూపించి గొప్పగా చెప్పాను కదా! ఇంటికి వచ్చాక ఆలోచిస్తే నా మాటలో తొందరపాటు కనిపించింది. మా చెరువు చాలా వేసవుల్లో ఎండుతుంది. తడిసి ఆరే మట్టిలో పుప్పొడి చివికిపోతుందని మీకు చెప్పాను. పైగా పూడిక తీసిన ప్రతిసారీ పొరలు కలిసిపోతాయి. పూడిక మట్టి పొలానికి బలమే, చెరువుకూ మేలే. కాని చరిత్ర పుస్తకంగా చూస్తే అది పేజీలు చిరిగి కలగాపులగమైన పుస్తకం.

మర్నాడు తరగతిలో ఆ మాటే ఒప్పుకున్నాను. "నేను చూపించిన మట్టి మంచి సాక్షి కాదురా. ఎన్నడూ ఎండని మడుగు ఒకటి చుట్టుపక్కల దొరికితే, తాత మాట నిజమో కాదో అదే చెప్పగలదు" అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, "అలాంటి మడుగు దొరికినా, అందులోని రేణువు ఏ చెట్టుదో మనకెలా తెలుస్తుంది మాష్టారూ?" అన్నాడు.

అదీ అసలైన ప్రశ్న! పాత రేణువును గుర్తించాలంటే ఇప్పటి రేణువులు తెలిసి ఉండాలి. అందుకే పుప్పొడి శాస్త్రజ్ఞుల ప్రయోగశాలలో మొదట కనిపించేవి నేటి పూల పుప్పొడితో చేసిన వందలకొద్దీ గాజుపలకలు. సాక్షిని విచారించే ముందు అతని భాష నేర్చుకోవడమన్నమాట.

ఆ పని మీరూ మొదలుపెట్టవచ్చు. మందారం, గుమ్మడి, బంతి, తుమ్మ, మొక్కజొన్న కంకి పైనుండే మగపూల కుచ్చు, ఏవైనా సరే తీసుకోండి. పువ్వును గాజుపలక మీద మెల్లగా తట్టండి. ఒక నీటిచుక్క వేసి, పైన పలుచని గాజుబిళ్ళ కప్పి, బడిలోని సూక్ష్మదర్శినిలో చూడండి. కనిపించిన ఆకారాన్ని నోటుబుక్కులో గీసి, మొక్క పేరు, తేదీ, ఊరు రాయండి. పుప్పొడి పడనివాళ్ళు, తుమ్ములూ ఆయాసమూ వచ్చేవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, లేదా మిత్రులు చూసింది గీయాలి.

మా తరగతి పుస్తకంలో ఇప్పటికి ఇరవై మూడు బొమ్మలు చేరాయి. మొదటి బొమ్మ నల్లతుమ్మది. పదహారు రేణువుల ముద్ద. గీసింది ఎవరో మీరు ఊహించగలరు. చెరువు కట్ట మీద తాతను ప్రశ్నించినవాడే!